ప్లంబర్ ఫోన్ ఎత్తట్లేదండీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి రిపేర్ల గురించి ఏదైనా అడగండి అన్నాం పోయిన నెల. పెయింట్లు, చెదలు, వైరింగ్ గురించి వస్తాయనుకుంటే వచ్చినవాటిలో ఎక్కువ భాగం ప్లంబర్ గోలే. అందుకని ఈసారి మొత్తం ఆ గోలకే ఇచ్చేశాం. ఒకే ప్రశ్న చాలామంది అడిగితే ఒకరి ఉత్తరమే వేశాం, మిగతావాళ్ళు కోప్పడకండి.

ప్రశ్న: కొత్తగా ఫ్లాట్ కొనుక్కుని వచ్చాం మేడమ్. వాచ్‌మన్ ఒకతన్ని పంపిస్తాడు, యాప్‌లో పెడితే ప్రతిసారీ వేరే మనిషి వస్తాడు, కింద షాపులో ఎలక్ట్రీషియన్ ప్లంబింగ్ కూడా నేనే చేస్తా అంటాడు. ఇంతమందిలో నమ్మకమైనోడిని ఎట్లా పట్టుకోవాలి?
(మియాపూర్, హైదరాబాద్)

జవాబు: నంబరు సంపాదించడం పెద్ద పని కాదండీ, ఆ మనిషి ఎలాంటివాడో పైపు పగలకముందే తెలుసుకోవడం పెద్ద పని. అర్ధరాత్రి ఇల్లంతా నీళ్ళైనప్పుడు దొరికినోడే దేవుడు, అప్పుడు ఎంచుకునేది ఏమీ ఉండదు. కాబట్టి ఇప్పుడే ఏదో చిన్న పనికి పిలవండి. సింక్ కింద నీళ్ళు కట్టే యాంగిల్ కాక్ చుక్కలు పడుతుందనో, ఫ్లష్ ట్యాంక్ ఆగకుండా పోతుందనో, కొత్త ఫ్లాట్ అన్నారుగా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. చెప్పిన టైముకి వచ్చాడా, రాలేకపోతే ఫోన్ చేసి చెప్పాడా, వచ్చాక ముందు చెయ్యి ఎక్కడ పెట్టాడు, ఇవీ చూడాల్సింది. రేటు ఆ తర్వాత.

ఫ్లష్ ట్యాంకే తీసుకోండి. పని తెలిసినోడు మూత తీసి నీళ్ళ మీద తేలే ఫ్లోట్‌ని చేత్తో పైకెత్తి చూస్తాడు. ఎత్తగానే నీళ్ళు ఆగాయంటే లెవెల్ సర్దితే చాలు, ఎత్తినా వస్తూనే ఉన్నాయంటే లోపల నీళ్ళొచ్చే వాల్వ్ పోయింది, అవేమీ కాకుండా ట్యాంకులో నీళ్ళు ఓవర్‌ఫ్లో గొట్టం కన్నా కిందే ఉండి కమోడ్‌లోకి సన్నగా జారుతున్నాయంటే అడుగున రబ్బరు అరిగింది. ఈ మూడూ మూడు రకాల ఖర్చులు. మూత తీయకుండానే "సెట్ మొత్తం మార్చాలి మేడమ్" అన్నాడనుకోండి, టీ ఇచ్చి పంపించెయ్యండి.

ఇంకోటి గమనించండి, మంచి పనోడు రాగానే పానా తియ్యడు, ప్రశ్నలేస్తాడు. ఎప్పట్నుంచి కారుతుంది, రోజంతానా లేక గీజర్ వేసినప్పుడేనా, బోరు నీళ్ళా, కుళాయికొచ్చే మంజీరా నీళ్ళా, మెయిన్ వాల్వ్ ఎక్కడుంది, ఇంతకుముందు ఎవరు చేశారు. ఆ ప్రశ్నలు విసుగ్గా ఉంటాయి కానీ ఆ విసుగు మీకు మంచిదే.

ఎక్కడ వెతకాలంటే, మీ వీధిలో శానిటరీ షాపుంటే వెళ్ళి ఓనర్ని మెల్లగా అడగండి, "మంచి ప్లంబర్ ఎవరండీ" అని కాదు, అలా అడిగితే తన దగ్గర ఎక్కువ సరుకు కొనేవాడి పేరే చెప్తాడు. "మిగిలిన పైపు ముక్కలు, ఎల్బోలూ టీలూ వెనక్కి తెచ్చిచ్చేది ఎవరు" అని అడగండి, ఆ పేరు రాసుకోండి. రెండోది, మీ అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు పైపులు వేసినతను ఎవరో బిల్డర్‌ని అడగండి. గోడల్లో లైన్లు ఎటు తిరిగాయో అతనికున్నంత గుర్తు ఇంకెవరికీ ఉండదు. మన అపార్ట్‌మెంట్ సైట్లలో ప్లంబింగ్ చేసేవాళ్ళలో ఒడిశా కుర్రాళ్ళు బాగా కనిపిస్తారు, అందులోనూ కేంద్రాపడ జిల్లా వాళ్ళు. ఆ జిల్లా పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ఒక ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఊళ్ళకి ఊళ్ళు ఇదే పని మీద దేశమంతా తిరుగుతుంటారు. తెలుగు రాదని వెనక్కి తగ్గకండి, పని చూడండి.

యాప్ కూడా చెడ్డదేం కాదు. ట్యాప్ మార్చడం, హెల్త్ ఫాసెట్ బిగించడం లాంటి వాటికి రేటు ముందే కనిపిస్తుంది, బిల్లుంటుంది, గొడవైతే కంప్లైంట్ పెట్టుకోవచ్చు. గోడ లోపల లీకులకి మాత్రం నేనైతే యాప్ చెప్పను, ఇవాళ వచ్చినోడు చూసింది రేపొచ్చేవాడికి తెలియదు. ఎలక్ట్రీషియన్ సంగతా, గీజర్ దగ్గర వైరు, ఎర్తింగ్ అతని పని, నీళ్ళ పైపులు ప్లంబర్ పని. రెండూ ఒక్కడే చేస్తానంటే ఏదో ఒకటి అరకొరగా వచ్చి ఉంటుంది అని నా అనుమానం.

ప్రశ్న: మా బాత్రూమ్ వెనక బెడ్‌రూమ్ గోడకి చెమ్మ ఎక్కి పెయింట్ బుడగలు బుడగలుగా లేచి పెచ్చులూడిపోతుంది. కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్‌లో కూడా మరక పడిందని వాళ్ళు రోజూ మెట్ల మీద ఆపి అడుగుతున్నారు. ప్లంబర్ వచ్చి రెండు నిమిషాలు చూసి టైల్స్ మొత్తం పగలగొట్టి లైన్ కొత్తగా వేయాలి, అరవై వేలవుద్ది అన్నాడు. అంత అవసరమా అండీ? మావారు సరే అనేశారు, నేనే ఆపాను.
(విజయవాడ)

జవాబు: ఆపి మంచి పని చేశారు. అవసరం కావచ్చు, కాకపోవచ్చు, రెండు నిమిషాల్లో అది చెప్పగలిగేవాడు మాత్రం లేడు.

బాత్రూమ్ నుంచి చెమ్మ రావడానికి ముఖ్యంగా మూడు దారులు. ఒకటి ట్యాంకు నుంచి వచ్చే లైను, అందులో ఎప్పుడూ నీళ్ళుంటాయి, ప్రెషర్ ఉంటుంది, కాబట్టి చిల్లు పడితే రాత్రీ పగలూ కారుతుంది. రెండోది వాడిన నీళ్ళు పోయే లైను, నహానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పోయే జాలీ గుంట), కమోడ్ జాయింటు, ఇవి వాడినప్పుడే కారతాయి. మూడోది టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ పోయి నేల కిందకి ఇంకడం, ఇది స్నానాలు చేసినప్పుడే.

ముందు పైసా ఖర్చు లేని పరీక్ష. చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. ఆ బాత్రూమ్‌కి రెండ్రోజులు తాళం వెయ్యండి, కానీ వాల్వ్ కట్టకండి, లైన్లో నీళ్ళు ఉండనివ్వండి. ఎవరూ వాడకపోయినా చెమ్మ గీత దాటిందా, అనుమానం మొదటిదాని మీద. పెరగడం ఆగిందా, రెండో మూడో. తర్వాత నహానీ ట్రాప్ మూతిలో గుడ్డ కుక్కి నేల మీద రెండంగుళాలు నీళ్ళు నిలబెట్టి ఆ పూటంతా వదిలెయ్యండి, కింద వాళ్ళని వాళ్ళ సీలింగ్ మరక చూస్తుండమనండి. ఎలాగూ మెట్ల మీద ఆపుతున్నారుగా, ఈ పని అప్పజెప్పండి. మరక ముదిరితే టైల్స్ కిందో ట్రాప్ చుట్టూనో ఉంది తప్పు, మీ పైపులది కాదు. అలాగే పై ఫ్లాట్ వాళ్ళ బాత్రూమ్ నుంచి దిగుతుందేమో, బయట గోడకి ఏసీ నీళ్ళ గొట్టం ఆనుకుని ఉందేమో కూడా ఓసారి చూడండి, ఏసీ గొట్టం నీళ్ళకి బాత్రూమ్ పగలగొట్టించుకున్నవాళ్ళూ ఉంటారు.

పైపు మీదే అనుమానం తేలితే అప్పుడు ప్రెషర్ టెస్ట్. ట్యాపులన్నీ విప్పేసి ఆ మూతులకి డమ్మీలు, అంటే బిరడాలు, బిగిస్తారు, ఒక చోట చేతి పంపు తగిలించి నీళ్ళు కొడతారు, పంపు మీద గేజ్ ఉంటుంది. ముల్లు ఎక్కడిదాకా ఎక్కించారో అక్కడే నిలబడాలి, కనీసం అరగంట మీరు పక్కనే కుర్చీ వేసుకుని చూడండి. ముల్లు మెల్లగా దిగుతుంటే, డమ్మీల దగ్గర చుక్క కూడా లేకపోతే, లైన్లో లీకున్నట్టే. చన్నీళ్ళ లైను, వేణ్ణీళ్ళ లైను విడివిడిగా చేయించండి, ఎందుకంటే చాలాసార్లు పోయేది వేణ్ణీళ్ళ వైపే, ఆ ఒక్క గోడ కొడితే సరిపోతుంది. ఈ టెస్ట్‌కి డబ్బులు అడుగుతాడు, ఇవ్వండి, అరవై వేల ముందు అదెంత.

పగలగొట్టడం తప్పదనుకున్నా ముందే ఒక కాగితం మీద రాయించుకోండి, ఎన్ని అడుగులు కొడతాడు, ఏ పైపు వేస్తాడు, టైల్స్ తిరిగి అంటించే మేస్త్రీ అతని లెక్కలోనా మీ లెక్కలోనా, చెత్త ఎవరు దించుతారు అని. పాత టైల్ డిజైన్ ఇప్పుడు దొరకదు, అటక మీద మిగిలిన పెట్టె ఉందేమో చూసుకోండి. కొత్త పైపు వేశాక టైల్స్ మూయకముందు మళ్ళీ ప్రెషర్ టెస్ట్ చెయ్యమనండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. లీకు ఆగాక కూడా గోడ ఆరడానికి వారాలు పడుతుంది, వెంటనే పుట్టీ పెయింటూ వేశారంటే అవి మళ్ళీ ఊడి, లీకు పోలేదని అనవసరంగా ప్లంబర్ని తిట్టుకుంటారు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, అమ్మానాన్న కాకినాడలో ఇండిపెండెంట్ ఇంట్లో. పోయిన నెల రాత్రి పదింటికి గీజర్ పైపు ఊడి బాత్రూమ్ నుంచి హాల్లోకి నీళ్ళొచ్చేశాయట. నాన్నకి 71, డాబా మీదకెక్కి వాల్వ్ తిప్పితే కదల్లేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్ళు ఎత్తిపోసుకుంటూ కూర్చున్నారు. నలుగురు ప్లంబర్లకి ఫోన్ చేశారు, ఒక్కడూ ఎత్తలేదు. ఇక్కడ నుంచి నేనేం చేయగలను?
(డాలస్)

జవాబు: ఆ రాత్రికి కావాల్సింది ప్లంబర్ కాదండీ, తిరిగే వాల్వ్. అది తిరిగుంటే ప్లంబర్ పొద్దున తొమ్మిదికి వచ్చినా ఏం కాదు.

పాత ఇళ్ళలో ట్యాంకు కింద చక్రం తిప్పే గేట్ వాల్వ్ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోకపోతే లోపల ఉప్పు పట్టేసి బిగుసుకుపోతుంది, సముద్రం దగ్గర ఊళ్ళో బోరు నీళ్ళైతే ఇంకా తొందరగా. గట్టిగా తిప్పితే లోపలి కడ్డీ (స్పిండిల్) విరిగిపోతుంది కూడా. దాన్ని తీయించి హ్యాండిల్ ఉన్న బాల్ వాల్వ్ పెట్టించండి, పావు తిప్పు తిప్పితే మూసుకుంటుంది, హ్యాండిల్ పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, వెంబడి ఉంటే తెరిచినట్టు, చీకట్లో తడిమినా తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ట్యాంకు నుంచి దిగే లైను మీద కింద, నాన్నగారి చెయ్యి అందే ఎత్తులో ఇంకో వాల్వ్ పెట్టించండి. ఆ వయసులో రాత్రిపూట తడి మెట్ల మీద డాబా ఎక్కడం నీళ్ళ కంటే పెద్ద ప్రమాదం. నెలకోసారి రెండూ ఒకసారి మూసి తెరవమనండి.

వాల్వులకి రంగు చీటీలు కట్టించి, ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మోటారు స్విచ్ పక్కన అంటించమనండి. మోటారు ఆపు, గీజర్ ఎంసీబీ స్విచ్ దించు, వాల్వ్ కట్టు, కింద ట్యాపులన్నీ తెరిచి లైన్లో మిగిలిన నీళ్ళు వదిలెయ్యి. స్విచ్ బోర్డుల దాకా నీళ్ళు చేరితే మాత్రం తడి కాళ్ళతో ఏదీ ముట్టుకోవద్దు, అసలు బాత్రూమ్‌లోకే వెళ్ళొద్దు, పొడి చోట నుంచి మెయిన్ దించగలిగితే దించాలి, లేకపోతే బయటికొచ్చెయ్యాలి. కనిపించే పైపుకి చిల్లు పడి వాల్వ్ కట్టడం కుదరకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా సాగదీసి చుట్టి పైన తీగతో బిగిస్తే తెల్లారేదాకా ఆగుతుంది. ఎమ్‌సీల్ ముద్ద అని పరిగెడతారు గానీ కారుతున్న నీళ్ళ మీద అది పట్టదు.

ఇక మనిషి సంగతి. ఆ నలుగురూ ఎందుకు ఎత్తలేదంటే వాళ్ళెవరికీ మీ నాన్నగారు తెలియదు. ఈ వాల్వుల పనే ఒకతనికి అప్పజెప్పండి, అడిగినంత ఇవ్వండి, అక్కడ నుంచి డాలర్ లెక్కలో కాకపోయినా బేరం మాత్రం ఆడకండి. పనయ్యాక మీరే ఫోన్ చేసి మాట్లాడి డబ్బు నాన్నగారి ఫోన్ నుంచి అప్పటికప్పుడే పంపించమనండి. మూణ్ణెల్లకోసారి వచ్చి వాల్వులు, ఫ్లోట్, గీజర్ సేఫ్టీ వాల్వ్ చూసి వెళ్ళడానికి కొంత మాట్లాడుకోండి. అలా వచ్చిపోయే ఇంటి నంబరైతే రాత్రి పదింటికైనా ఎత్తుతాడు, అదీ కాకపోతే తమ్ముణ్ణి పంపిస్తాడు.

ప్రశ్న: మెటీరియల్ నేనే తెస్తా అంటడు ప్లంబర్. మేమే తెచ్చుకుంటం అంటే మొఖం మాడుస్తడు. షాపోళ్ళు కమీషన్ ఇస్తరంట కదా?
(కరీంనగర్)

జవాబు: చాలా చోట్ల ఇస్తరు. దాని మీద అంత కోపం వద్దు, అతను రెండు సార్లు షాపుకి తిరిగే టైముకి విడిగా ఎవరూ పైసలు ఇవ్వరు కదా. రెండు ఎల్బోలు, ఒక తెల్ల టేపు లాంటి దానికి అతన్నే తెమ్మనండి, బిల్లు అడగండి, అయిపోయింది. బాత్రూమ్ మొత్తం పనైతే లిస్ట్ రాయించుకుని ఇద్దరూ కలిసి షాపుకి పోండి, లేబర్ వేరే, సామాను వేరే అని ముందే మాట్లాడుకోండి.

చూసుకోవాల్సింది ఏంటంటే, పైపు మీద ఐఎస్ఐ గుర్తు, నంబరు అచ్చయి ఉంటాయి, వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీకైతే ఐఎస్ 15778. వేణ్ణీళ్ళకి లేత పసుపు రంగు సీపీవీసీయే వేయాలి, చన్నీళ్ళకి వాడే తెల్ల యూపీవీసీ చౌక అని గీజర్ లైనుకి వేశారంటే వేడికి మెత్తబడి జాయింట్లు వదిలేస్తాయి. ట్యాపు బిగించే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే పెట్టించండి, ప్లాస్టిక్ మర రెండుసార్లు విప్పి బిగిస్తే జారిపోతది, అప్పుడు టైల్ కొట్టాలె. పైపు జాయింట్లకి గమ్ వేసిన వెంటనే నీళ్ళు వదలొద్దు, డబ్బా మీద ఎంతసేపు ఆగాలో ఉంటది, అంతసేపు ఆగనివ్వండి.

ప్రశ్న: టాప్ ఫ్లోర్‌లో ఉంటాం. షవర్‌లో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ప్లంబర్ ప్రెషర్ పంప్ పెట్టించమంటున్నాడు.
(కూకట్‌పల్లి)

జవాబు: ముందు నుంచీ ఇంతేనా, ఈ మధ్య తగ్గిందా? అదే అసలు ప్రశ్న. నీళ్ళ ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే ఒక బార్ ప్రెషర్ వస్తుంది, టాప్ ఫ్లోర్ షవర్‌కి పైన ట్యాంకు మహా అయితే రెండు మూడు మీటర్లు, అంటే పావు బార్. ముందు నుంచీ ఇంతే అయితే పంప్ అడగడంలో తప్పులేదు. ఈ మధ్య తగ్గితే మాత్రం పంప్ కొనకండి. షవర్ మూతి విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి, ట్యాపుల మూతికున్న జాలీలు కూడా, బోరు నీళ్ళ తెల్ల పెంకులు రాలతాయి. వేణ్ణీళ్ళు మాత్రమే సన్నగా వస్తుంటే గీజర్ దగ్గర పూడుకుంది. ఇల్లంతా సన్నగా వస్తుంటే పైన వాల్వ్ ఎవరో సగం మూసి వదిలేశారేమో చూడండి, ట్యాంక్ క్లీనింగ్ వాళ్ళు వచ్చి వెళ్ళాక తరచూ జరిగేదే ఇది.

ప్రశ్న: బాత్రూమ్‌లో నీళ్ళు పోవట్లేదు, యాసిడ్ పోస్తే పోతుందా?
(గుంటూరు)

జవాబు: పోయొద్దు. అడ్డు వెంట్రుకలూ సబ్బు ముద్దే అయితే జాలీ తీసి చేత్తోనో తీగతోనో లాగితే వచ్చేస్తుంది. యాసిడ్ పోసి, అదీ కదలక, తర్వాత ప్లంబర్ని పిలిచారనుకోండి, అతను చెయ్యి పెట్టేది ఆ యాసిడ్ నీళ్ళలోనే. పోసి ఉంటే కనీసం చెప్పండి. యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిపితే వచ్చే గ్యాస్ ఊపిరాడనివ్వదు, అది అసలే వద్దు. ఇంట్లో అన్ని చోట్లా ఒకేసారి ఆగితే తప్పు బయట చాంబర్లో ఉంది. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవర్నీ దింపకండి, ఎంత డబ్బిస్తానన్నా, అతనే దిగుతానన్నా. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం రక్షణ సామాను లేకుండా మనిషిని దింపడం నేరం, ప్రాణాలు పోయిన కేసులు పేపర్లో చూస్తూనే ఉన్నాం. మిషన్ బండి పిలవండి. హైదరాబాద్ వాళ్ళైతే రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగితే, వీధి లైన్ పగిలితే ప్లంబర్ కాదు, జలమండలి 155313కి చేయండి.

ప్రశ్న: అమ్మా, నేను ప్లంబర్‌ని. మీరు ఎప్పుడూ మా తప్పులే రాస్తారు. పది కిలోమీటర్లు బండి మీద పోతే పది నిమిషాల పనికి మూడొందలా అంటారు. ఒక ట్యాప్ మారిస్తే నెల తర్వాత వేరే ట్యాప్ కారినా నువ్వు ముట్టుకున్నాకే అయింది అంటారు. మాకేం చెప్తారు? నా నంబరు కూడా మీ పత్రికలో వేయండి.
(హన్మకొండ)

జవాబు: మీ మాట నిజమే తమ్ముడూ. ఆ పది నిమిషాల పని పది నిమిషాల్లో అవ్వడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఎవరూ లెక్కేయరు, ఐటీఐలోనే ప్లంబర్ కోర్సు ఏడాది, ఆ తర్వాత సైట్లలో ఇంకెంతో. వచ్చి చూసి, ఏం లేదమ్మా వాషరే అని నిజం చెప్పినవాడికి కూడా చూసిన కూలీ ఇవ్వాలి, లేకపోతే ఇంకోసారి అతను కూడా సెట్ మొత్తం మార్చాలనే చెప్తాడు.

మీరు చేయగలిగినవి కూడా ఉన్నాయి. వచ్చిపోయే చార్జీ ఎంతో ఫోన్లోనే చెప్పండి, ఇంటికెళ్ళాక చెప్తే అందరికీ ఎక్కువే అనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఫోన్లో రెండు ఫొటోలు తీసుకోండి, మిగతా ట్యాపులు కూడా కనపడేటట్టు. విప్పిన పాత వాషర్, అరిగిన స్పిండిల్ జేబులో వేసుకోకుండా ఇంటోళ్ళ చేతిలో పెట్టండి. ఒక బిల్లు బుక్కు కొనుక్కుని ఏ ట్యాప్ మార్చారో, ఎన్నాళ్ళు మీ పూచీయో రాసివ్వండి, అందులో లేని ట్యాప్ గురించి ఎవరూ అడగలేరు. కానీ ఒక్క మాట, సగం పని విప్పి పెట్టి "ఇప్పుడే వస్తా" అని పెద్ద సైటుకి వెళ్ళిపోయే అలవాటు మీవాళ్ళలో చాలామందికి ఉంది, మాకొచ్చిన ఉత్తరాల్లో రేటు మీద కన్నా దాని మీదే ఎక్కువ తిట్లున్నాయి. వెళ్ళక తప్పకపోతే ఆ లైనుకి డమ్మీ బిగించి మిగతా ఇంటికి నీళ్ళు వదిలి వెళ్ళండి.

మీ నంబరు పత్రికలో వేయమన్నారు, అది కుదరదు. మీరు సామాను తీసుకునే షాపులో కౌంటర్ పక్కన మీ పేరు, నంబరు, వచ్చిపోయే చార్జీ రాసి అంటించుకోండి.